డేటాబేస్ పాఠంలోకి దిల్లీ గాలి రావాలి

చలికాలం మొదలైతే దిల్లీ వాసుల దినచర్యలో ఒక అంకె వచ్చి చేరుతుంది. అది గాలి నాణ్యతా సూచీ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రోజూ సాయంత్రం 4 గంటల లెక్కతో విడుదల చేసే ఈ అంకె మీదే రాజధాని ప్రాంతంలో ఎన్నో నిర్ణయాలు ఆధారపడతాయి. అంకె ఒక గీత దాటితే నిర్మాణ పనులు ఆగుతాయి. మరో గీత దాటితే కొన్ని రకాల వాహనాలను రోడ్డెక్కనివ్వరు, బడులు ఆన్‌లైన్‌కు మారతాయి. భవన నిర్మాణ కూలీకి ఆ రోజు పని ఉంటుందా, ఉబ్బసం ఉన్న పిల్లవాడు ఆటస్థలానికి వెళ్లవచ్చా అన్నది తేల్చేది ఈ లెక్కే.

ఇదే దిల్లీలో ప్రధాన కార్యాలయం ఉన్న మరో సంస్థ కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి, అంటే సీబీఎస్‌ఈ. దాని 12వ తరగతి కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ‘పైథాన్‌ను ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో అనుసంధానించడం’ అనే భాగం ఉంది. ప్రోగ్రామింగ్ లైబ్రరీ సాయంతో డేటాబేస్‌కు కనెక్ట్ కావడం, సమాచారం చేర్చడం, మార్చడం, తీయడం విద్యార్థులు ఇందులో నేర్చుకుంటారు. బడి స్థాయిలో ఈ పాఠం ఉండటం మెచ్చుకోదగ్గ విషయం. ఐటీఓ సమీపంలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ నడిపే బడి నుంచి హైదరాబాద్, విశాఖల్లోని సీబీఎస్‌ఈ బడుల దాకా ఈ సబ్జెక్టు తీసుకున్నవారంతా చదివేది ఇదే సిలబస్.

కానీ గాలి లెక్క, బడి పాఠం ఒకే నగరంలో ఉండి కూడా ఒకదాన్నొకటి పలకరించుకోవు. తరగతి గదిలో సాధన అంతా ఊహాజనితమైన ఉద్యోగుల పట్టికల మీదో, ఐదారు వరుసల విద్యార్థుల మార్కుల మీదో సాగుతుంది. ఆ పట్టికల్లో ఖాళీలు ఉండవు, పేర్లు తారుమారు కావు, జవాబు తప్పినా ఎవరికీ నష్టం లేదు. పాఠంలో రెండు మూడు సవరణలు చేసి, సాధనకు నిజమైన గాలి లెక్కలు ఇస్తే ఇది సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి తొలి మెట్టుగా మాత్రమే మిగిలిపోదు. ప్రజల ముందుకు వచ్చే ఏ అంకెనైనా పరీక్షించి చూడగల పౌరులను తయారు చేస్తుంది.

లైబ్రరీ చేసే పని

రిలేషనల్ డేటాబేస్ అనే ఆలోచనకు యాభై ఏళ్లు దాటాయి. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించిన పరిశోధనా వ్యాసం దానికి పునాది. సమాచారాన్ని పట్టికలుగా ఉంచాలి, ఒక్కో వరుసను గుర్తించడానికి ఒక ‘కీ’ ఉండాలి, పట్టికల మధ్య సంబంధాలను ఆ కీల ద్వారానే చెప్పాలి అన్నది దాని సారాంశం. సమాచారం డిస్కులో ఎక్కడ, ఏ క్రమంలో ఉందో అడిగేవారికి తెలియాల్సిన పనిలేదు. ఏం కావాలో చెబితే చాలు, ఎలా తేవాలో డేటాబేస్ చూసుకుంటుంది. 1974లో అదే ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ రూపొందించిన ప్రశ్నల భాషే తర్వాత ఎస్‌క్యూఎల్‌గా స్థిరపడింది. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

అయితే ప్రోగ్రామ్ ఒక భాషలో ఉంటుంది, డేటాబేస్ మరో భాషలో మాట్లాడుతుంది. ఈ రెంటికీ మధ్యవర్తి లైబ్రరీ. దీన్ని బ్యాంకు కౌంటరుతో పోల్చవచ్చు. ఖాతాదారుడు నేరుగా ఖజానా గదిలోకి వెళ్లడు. కౌంటరు దగ్గర నిలబడతాడు, ఫారం నింపి ఇస్తాడు, గుమాస్తా లోపలి నుంచి తెచ్చి ఇస్తాడు, చివరికి ముద్ర పడుతుంది. పైథాన్ లైబ్రరీల్లోనూ వరస ఇదే. కనెక్ట్ అంటే కౌంటరు దగ్గరికి చేరడం. కర్సర్ అంటే మన పని చూసే గుమాస్తా. ఎగ్జిక్యూట్ అంటే ఫారం అందించడం. ఫెచ్ అంటే జవాబు తీసుకోవడం. కమిట్ అంటే ముద్ర. చేర్చిన సమాచారానికి కమిట్ పడకుండా కనెక్షన్ మూసేస్తే సాధారణంగా ఆ మార్పులు నిలవవు. ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపకుండా ముగుస్తుంది, పట్టికలో మాత్రం ఏమీ ఉండదు. కొత్తగా నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఒకసారైనా తలపట్టుకునే చోటు ఇదే.

ఈ వరస ఒక్క లైబ్రరీకే పరిమితం కాదు. పైథాన్ సమాజం డేటాబేస్ లైబ్రరీలన్నీ దాదాపు ఒకేలా నడుచుకోవాలని ఒక ఉమ్మడి ప్రమాణాన్ని పెట్టుకుంది. అందుకే మైఎస్‌క్యూఎల్ మీద నేర్చుకున్నది ఎస్‌క్యూలైట్‌కూ, పోస్ట్‌గ్రెస్‌కూ చాలావరకు పనికొస్తుంది. బడిలో పడిన అలవాటు మంచిదైనా చెడ్డదైనా ఉద్యోగం దాకా వెంట వస్తుంది.

ఒక్క కామా

చెడ్డ అలవాటు పడే అవకాశం సిలబస్‌లోని ఒక చిన్న వాక్యంలోనే ఉంది. ప్రశ్నలో విలువలు చేర్చడానికి ‘శాతం-ఎస్ ఫార్మాట్ స్పెసిఫయర్ లేదా ఫార్మాట్ ఫంక్షన్’ వాడవచ్చని ఇటీవలి సంవత్సరాల సిలబస్ చెబుతోంది. ఈ ‘లేదా’ దగ్గరే చిక్కు.

బ్యాంకు ఫారంలో అచ్చు అక్షరాలు వేరు, ఖాళీలు వేరు. ఖాళీలో ఖాతాదారుడు ఏం రాసినా అది పేరుగానో మొత్తంగానో మాత్రమే చెల్లుతుంది, బ్యాంకు నిబంధనగా మారిపోదు. లైబ్రరీలో ప్లేస్‌హోల్డర్ చేసే పని ఇదే. ప్రశ్నను ఒక వైపు, విలువలను మరో వైపు పెట్టి, మధ్యలో కామాతో లైబ్రరీకి అప్పగిస్తారు. కొన్ని లైబ్రరీలు రెండింటినీ విడివిడిగానే డేటాబేస్‌కు పంపుతాయి. కొన్ని ప్రమాదకరమైన గుర్తులను కట్టడి చేసి కలుపుతాయి. పద్ధతి ఏదైనా విలువను విలువగానే ఉంచే బాధ్యత లైబ్రరీది.

ఫార్మాట్ ఫంక్షన్ అలా కాదు. అది విలువను ముందే ప్రశ్నలో అతికించి, మొత్తాన్ని ఒకే వాక్యంగా చేస్తుంది. ఏది అచ్చు అక్షరమో, ఏది వాడుకరి రాసిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. ఉదాహరణకు, స్టేషన్ పేరు టైప్ చేస్తే రీడింగులు చూపే ప్రోగ్రామ్ ఉందనుకుందాం. ఒకరు ‘పూసా’ అని రాసి, ఆ వెంటే కొటేషన్ గుర్తు పెట్టి, ‘లేదా ఒకటి ఒకటికి సమానం’ అనే అర్థం వచ్చే ఎస్‌క్యూఎల్ ముక్క చేరిస్తే ఆ షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది. పట్టిక మొత్తం బయటకు వస్తుంది. అది గాలి రీడింగుల పట్టికైతే పెద్ద నష్టం లేదు. రోగుల వివరాల పట్టికైతే?

శాతం-ఎస్ గుర్తుతో మరో గందరగోళం ఉంది. పైథాన్‌లో మాటలను అతికించడానికీ అదే గుర్తు వాడతారు, మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ ప్లేస్‌హోల్డర్‌గానూ అదే గుర్తును వాడుతుంది. ప్రశ్నకూ విలువకూ మధ్య కామా ఉంటే అది భద్రమైన పద్ధతి. కామా స్థానంలో శాతం గుర్తు ఉంటే అది అతికింపు. రెండూ సాధారణ విలువలకు ఒకే జవాబు ఇస్తాయి కాబట్టి పరీక్షలో రెండింటికీ మార్కులు పడతాయి. తేడా తెలిసేది దాడి జరిగిన రోజునే.

ఈ దాడికి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అని పేరు. 1998 నాటికే దీని గురించి బహిరంగంగా రాశారు. అయినా 2015లో బ్రిటన్ టెలికాం సంస్థ టాక్‌టాక్ నుంచి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు ఈ దారిలోనే పోయాయి. అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 2016లో ఆ సంస్థకు 4 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. 2023లో ప్రపంచవ్యాప్తంగా ఎన్నో సంస్థల సమాచారాన్ని బయటపెట్టిన మూవ్‌ఇట్ సాఫ్ట్‌వేర్ లోపం కూడా ఈ కోవకు చెందినదే. మందు ఎప్పటినుంచో ఉంది, దానికి ఖర్చూ లేదు. తొలి పాఠంలోనే అలవాటు చేయకపోవడం వల్లే జబ్బు పోవడం లేదు. సిలబస్ నుంచి ‘లేదా ఫార్మాట్’ అన్న మాట తీసేసి, కామాతో రాసే పద్ధతికే మార్కులు ఇవ్వడం మొదటి సవరణ కావాలి.

ఖాళీ అంటే సున్నా కాదు

రెండో విషయం నల్. ‘నల్ అంటే విలువ తెలియదు’ అన్నది సిలబస్‌లో ఉంది. ఉద్యోగుల పట్టికలో ఒకరికి బోనస్ ఎంతో తెలియదన్న ఉదాహరణతో అది ముగిసిపోతుంది. దిల్లీ గాలి దగ్గరికి వస్తే ఆ ఒక్క మాటకు ఎంత బరువుందో తెలుస్తుంది.

గాలి నాణ్యతా సూచీ 2015 ఏప్రిల్‌లో జాతీయ స్థాయిలో అమల్లోకి వచ్చింది. దాని నియమాల ప్రకారం ఒక స్టేషన్‌కు సూచీ లెక్కించాలంటే కనీసం మూడు కాలుష్యకాల సమాచారం ఉండాలి, వాటిలో ఒకటి పీఎం2.5 లేదా పీఎం10 అయి తీరాలి, కనీసం 16 గంటల రీడింగులు ఉండాలి. పీఎం2.5 సగటు 24 గంటలకు ఘనపు మీటరుకు 121 నుంచి 250 మైక్రోగ్రాముల మధ్య ఉంటే ‘చాలా అధ్వానం’, 250 దాటితే ‘తీవ్రం’.

ఒక స్టేషన్‌లో 16 గంటల రీడింగులు వచ్చాయనీ, వాటి సగటు 260 అనీ అనుకుందాం. మిగిలిన 8 గంటలు యంత్రం పనిచేయలేదు. ఆ గంటలను నల్‌గా ఉంచితే ఎస్‌క్యూఎల్ సగటు ఫంక్షన్ వాటిని పక్కనపెట్టి 260 అని చెబుతుంది, అంటే ‘తీవ్రం’. సమాచారం చేర్చేవారు ఖాళీల్లో సున్నాలు నింపితే సగటు 173కు పడిపోతుంది, అంటే ‘చాలా అధ్వానం’. గాలి మారలేదు, పట్టికలో రాసిన తీరు మారిందంతే. కొన్ని పరికరాలు ఖాళీకి బదులు మైనస్ 999 లాంటి గుర్తు పెడతాయి. దాన్ని అలాగే కలిపేస్తే సగటు మైనస్‌లోకి పోతుంది, చూసినవారికి వెంటనే అనుమానం వస్తుంది. సున్నాతో ఆ సౌకర్యం లేదు. అది నమ్మదగ్గ ముఖం పెట్టుకుని అబద్ధం చెబుతుంది.

నల్ పెట్టడంతోనూ పని అయిపోదు. మూడు గంటల రీడింగులే ఉన్నా సగటు ఫంక్షన్ ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది, ‘ఇంత తక్కువ ఆధారంతో చెప్పలేను’ అనదు. అందుకే సగటుతో పాటు ఎన్ని విలువల మీద ఆ సగటు వచ్చిందో లెక్కపెట్టమని అడగాలి, 16 కంటే తక్కువైతే ఆ స్టేషన్‌ను పక్కనపెట్టాలి. లెక్కపెట్టడంలోనూ రెండు రకాలున్నాయి. వరుసలన్నింటినీ లెక్కపెట్టమంటే ఖాళీలూ కలుస్తాయి. ఫలానా నిలువు వరుసలోని విలువలను లెక్కపెట్టమంటే ఖాళీలు కలవవు. కౌంట్, గ్రూప్ బై, హ్యావింగ్ మూడూ సిలబస్‌లో ఉన్నవే. వాటిని ఎందుకు నేర్చుకోవాలో చెప్పే ఉదాహరణే లేదు.

కనిపించకుండా పోయే స్టేషన్

మూడో విషయం ఇంకా సూక్ష్మమైనది. రెండు పట్టికలను కలిపే జాయిన్‌లలో ఈక్వి-జాయిన్, నేచురల్ జాయిన్ సిలబస్‌లో ఉన్నాయి. లెఫ్ట్ జాయిన్ లేదు. మొదటి రెండూ రెండు పట్టికల్లోనూ జత దొరికిన వరుసలనే చూపుతాయి. ఒక స్టేషన్ ఆ రోజు ఒక్క రీడింగ్ కూడా పంపకపోతే అది ఫలితంలోంచి చప్పుడు లేకుండా రాలిపోతుంది. లెఫ్ట్ జాయిన్ అయితే ఎడమవైపు పట్టికలోని ప్రతి స్టేషన్‌నూ చూపి, రీడింగ్ లేనిచోట నల్ పెడుతుంది. హాజరు పిలిచేటప్పుడు రాని విద్యార్థి పేరు కూడా చదవడం లాంటిది ఇది.

నగర సూచీ అంటే స్టేషన్ల సూచీల సగటు. నాలుగే స్టేషన్లున్న ఊరిలో 420, 410, 300, 290 వచ్చాయనుకుందాం. సగటు 355, అంటే ‘చాలా అధ్వానం’. మొదటి రెండు స్టేషన్లు ఆగిపోతే సగటు 295, అంటే ఒక మెట్టు దిగి ‘అధ్వానం’. ఫలితంలో రెండే వరుసలు కనిపిస్తాయి, లేని రెండింటి గురించి ఏ హెచ్చరికా రాదు. ఇది కేవలం ఊహ కాదు. 2025 దీపావళి వేళ దిల్లీ స్టేషన్ల రీడింగుల్లో ఖాళీల విషయం సుప్రీంకోర్టు విచారణలోనూ ప్రస్తావనకు వచ్చింది. రీడింగులు ఎందుకు ఆగాయన్నది వేరే చర్చ. ఆగాయని లెక్కలో కనిపించాలన్నది మాత్రం కనీస ధర్మం. లెఫ్ట్ జాయిన్ వాడినా తేదీ షరతును ‘వేర్’ భాగంలో పెడితే ఆ ఖాళీ వరుసలు మళ్లీ రాలిపోతాయి. దాన్ని జాయిన్ షరతులోనే ఉంచాలి. ఇలాంటి మెలకువ ఐదు వరుసల పట్టికతో అబ్బదు.

కీ ఎందుకు అవసరమో కూడా దిల్లీయే చక్కగా నేర్పుతుంది. పూసాలో రెండు స్టేషన్లున్నాయి. ఒకటి దిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీది, మరొకటి భారత వాతావరణ శాఖది. లోధీ రోడ్‌లోనూ రెండున్నాయి. ఒకటి వాతావరణ శాఖది, మరొకటి పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థది. ఊరి పేరును కీగా పెట్టుకుంటే నాలుగు స్టేషన్లు రెండైపోతాయి. గుర్గావ్ 2016లో గురుగ్రామ్ అయింది. పాత రికార్డుల్లో ఒక పేరు, కొత్తవాటిలో మరొకటి ఉంటే జాయిన్ రెండింటినీ కలపదు. తెలుగులోనైతే ‘దిల్లీ’ అని రాసేవారున్నారు, ‘ఢిల్లీ’ అని రాసేవారున్నారు. చదివేవారికి ఒకే నగరం, కంప్యూటరుకు రెండు. అందుకే పేరు మారినా మారని సంఖ్య ఒకటి ప్రతి స్టేషన్‌కూ ఉండాలి.

కాలం కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. పంజాబ్, హరియాణాల్లో పంట వ్యర్థాల మంటలను గుర్తించే నాసా ఉపగ్రహ సమాచారం ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంటుంది. భారత కాలమానం దానికి ఐదున్నర గంటలు ముందు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు ఇక్కడ కనిపించిన మంట ఆ పట్టికలో ముందురోజు తేదీతో, రాత్రి 8 గంటలుగా నమోదవుతుంది. సవరించకుండా తేదీ మీద జాయిన్ చేస్తే ఆ మంట ఒక రోజు వెనక్కు జరిగిపోతుంది. పొగ ముందా, మంట ముందా అనే ప్రశ్నకు తప్పుడు జవాబు వస్తుంది.

ఎక్సెల్ చాలదా?

ఇంత శ్రమ ఎందుకు, ఎక్సెల్‌లో వేసుకుంటే పోలా అని అడిగేవారు ఉంటారు. లెక్క వేసి చూస్తే జవాబు దొరుకుతుంది. దిల్లీలో దాదాపు 40 స్వయంచాలిత స్టేషన్లున్నాయి. ప్రతి 15 నిమిషాలకు ఒక విలువ చొప్పున రోజుకు 96. ఒక్క పీఎం2.5 మాత్రమే తీసుకున్నా ఏడాదికి 14,01,600 విలువలు. ఎక్సెల్ షీటులో పట్టే వరుసలు 10,48,576. అంటే ఒక నగరం, ఒక కాలుష్యకం, ఒక్క ఏడాది కూడా వరుసకొకటిగా అందులో పట్టవు. ఎనిమిది అంశాలైతే ఏడాదికి కోటి దాటుతాయి. నోయిడా, గాజియాబాద్, ఫరీదాబాద్ కలిపితే ఇంకా ఎక్కువ.

పట్టకపోతే ఏమవుతుందో 2020లో బ్రిటన్ చూసింది. కరోనా పరీక్షల ఫలితాలను చేర్చడానికి పాత తరహా ఎక్సెల్ ఫైలు వాడారు. దానిలో 65,536 వరుసలకు మించి పట్టవు. 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు, వారి సన్నిహితులను వెతికే పని ఆలస్యమైంది. డేటాబేస్‌కు ఇలాంటి సంఖ్యలు లెక్కలోవి కావు. కోటి వరుసల పట్టికలోనైనా సరైన ఇండెక్స్ ఉంటే, పుస్తకం చివరి పదసూచికలో చూసినట్టు, కొద్దిపాటి అంగల్లోనే కావలసిన వరుస దొరుకుతుంది.

అభ్యంతరాలకు జవాబులు

బడి స్థాయికి ఇది ఎక్కువేమో అన్నది మొదటి అభ్యంతరం. కొత్తగా చేరాల్సింది లెఫ్ట్ జాయిన్ ఒక్కటే. మిగతావన్నీ ఉన్న పాఠాలే, ఉదాహరణలు మారతాయి. ల్యాబులో సర్వర్ పెట్టుకోవడం కష్టమన్నది రెండో అభ్యంతరం, ఇది న్యాయమైనదే. చాలా బడుల్లో కంప్యూటర్ల కంటే వాటిని చూసుకునేవారికే కొరత. దీనికి ఎస్‌క్యూలైట్ మంచి మార్గం. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేస్‌కు సర్వర్ అక్కర్లేదు, సమాచారమంతా ఒకే ఫైలులో ఉంటుంది. దానికి కావలసిన లైబ్రరీ 2006 నుంచి పైథాన్‌తో పాటే వస్తోంది. పెన్ డ్రైవ్‌లో ఫైలు తెచ్చుకుంటే పాఠం మొదలుపెట్టవచ్చు, ఇంటర్నెట్ కూడా అవసరం లేదు.

ఇప్పుడు వృత్తి ప్రపంచమంతా ఎస్‌క్యూఎల్ రాయకుండానే పనిచేసే ఓఆర్‌ఎం లైబ్రరీలను వాడుతోంది కదా అన్నది మూడోది. పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అలాంటిదే. పట్టికలోని వరుసలను ప్రోగ్రామ్‌లోని వస్తువులుగా చూపించి ఇది పని తేలిక చేస్తుంది, ప్లేస్‌హోల్డర్లను కూడా తనంతట తానే వాడుతుంది. అయితే లోపల ఏం జరుగుతుందో తెలియనివారి చేతిలో అదే భారమవుతుంది. 40 స్టేషన్ల జాబితాను ఒక ప్రశ్నతో తెచ్చి, ఒక్కోదాని రీడింగుల కోసం మళ్లీ ఒక్కో ప్రశ్న పంపే ప్రోగ్రామ్‌ను తెలియకుండానే రాసేస్తారు. ఒక్క జాయిన్‌తో అయ్యే పనికి 41 ప్రశ్నలు వెళతాయి. ఈత వచ్చినవాడికి పడవ సౌకర్యం, రానివాడికి ధీమా మాత్రమే. ముందు ఎస్‌క్యూఎల్, తర్వాత ఓఆర్‌ఎం అన్న సిలబస్ క్రమం సరైనదే.

కృత్రిమ మేధే ప్రశ్నలు రాసిపెడుతుంటే నేర్చుకోవడం దేనికన్నది అన్నింటికంటే కొత్త అభ్యంతరం. రాసిపెడుతుంది, నిజమే. కానీ పూసాలో రెండు స్టేషన్లున్నాయని దానికి ఎవరైనా చెప్పాలి. మామూలు జాయిన్ వాడినందువల్ల ఏ స్టేషన్ రాలిపోయిందో ఎవరైనా గమనించాలి. రాయడం సులువైనకొద్దీ సరిచూడటం విలువైన నైపుణ్యమవుతుంది.

సంస్థల వంతు

బడి ఒక్కటే మారితే సరిపోదు, సాధనకు సరైన సమాచారం అందుబాటులో ఉండాలి. ఈ విషయంలో దేశానికి విధానం లేక కాదు. 2012లోనే జాతీయ సమాచార పంచుకునే, అందుబాటు విధానం వచ్చింది. ప్రజాధనంతో సేకరించిన, గోప్యం కాని సమాచారాన్ని యంత్రాలు చదవగలిగే రూపంలో ఇవ్వాలన్నది దాని ఆశయం. జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం నడిపే ప్రభుత్వ డేటా పోర్టల్ ఆ విధానం నుంచే పుట్టింది. కాలుష్య నియంత్రణ మండలి కూడా తన స్టేషన్ల రీడింగులను ఆన్‌లైన్‌లో ఉంచుతోంది. చాలా దేశాల కంటే ఇది మెరుగైన స్థితి.

మిగిలింది మరో రెండడుగులు. ఏడాదికొక ఫైలు చొప్పున, స్టేషన్ల పట్టిక, కాలుష్యకాల పట్టిక, రీడింగుల పట్టిక కీలతో కలిసి ఉన్న సిద్ధమైన డేటాబేస్‌ను దింపుకోవడానికి ఇవ్వాలి. ప్రతి రీడింగు పక్కనా దాని స్థితి ఉండాలి. యంత్రం ఆగిందా, సరిచూస్తున్నారా, నెట్‌వర్క్ పోయిందా అన్నది తెలిస్తే ఖాళీ కూడా సమాచారమే అవుతుంది. తర్వాత సవరించిన విలువలుంటే పాతదాన్ని చెరిపేయకుండా, సవరణను తేదీతో సహా వేరే వరుసగా చేర్చాలి. నిన్న చెప్పిన అంకె నేడు ఎందుకు మారిందో అప్పుడే తెలుస్తుంది.

ముడి సమాచారం ఇస్తే జనం తప్పుగా అర్థం చేసుకుంటారన్న భయం సంస్థల్లో ఉండటం సహజం. తప్పుడు విశ్లేషణలు వస్తాయి కూడా. కానీ సమాచారం అందరి దగ్గరా ఉంటే తప్పుడు లెక్కను మరొకరు అదే పట్టిక మీద మళ్లీ చేసి చూపగలరు. విజ్ఞానశాస్త్రం ముందుకు నడిచేది ఆ పద్ధతిలోనే. సమాచారం దాచినంత మాత్రాన తప్పుడు విశ్లేషణ ఆగదు, దాన్ని సరిదిద్దే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఇదంతా దిల్లీకే పరిమితమైన వ్యవహారం కాదు. హైదరాబాద్ సనత్‌నగర్ స్టేషన్‌కూ, విశాఖ స్టేషన్‌కూ నియమాలు అవే, పట్టికల రూపం అదే. దిల్లీ మీద రాసిన ప్రశ్నలో స్టేషన్ సంఖ్య మారిస్తే చాలు, తెలుగు విద్యార్థి తన ఊరి గాలిని పరీక్షించవచ్చు. నగరం సగటు ఫర్వాలేదనిపించినా తన బడి దగ్గరి స్టేషన్ ఎలా ఉందో, అది నిన్న ఎన్ని గంటలు పనిచేసిందో కూడా చూడవచ్చు.

సిలబస్‌లో ఒక మాట తీసేయడం, ఒక జాయిన్ చేర్చడం, ఊహాజనితమైన ఉద్యోగుల పట్టిక స్థానంలో నిజమైన గాలి పట్టిక పెట్టడం. వీటికి కొత్త భవనాలు, పెద్ద బడ్జెట్లు అక్కర్లేదు. పదిహేడేళ్ల విద్యార్థి సాయంత్రం 4 గంటల అంకెను విని ఊరుకోకుండా, ‘ఎన్ని స్టేషన్లు? ఎన్ని గంటలు? ఖాళీలు ఎన్ని?’ అని అడిగి, జవాబును తానే తీయగలిగితే ఆ పాఠం ఫలించినట్టే. అలా అడిగేవారు ఉన్నారని తెలిస్తే అంకెలు ఇచ్చే సంస్థలు కూడా మరింత జాగ్రత్త పడతాయి.